వాకిట్లో కుక్క

మంగళవారం, నల్లగొండ

అత్తమ్మను మళ్లీ దవాఖానలో చేర్చి వచ్చాను. పోయినేడాది ఆపరేషన్‌తో కీలు మార్చిన మోకాలు వాచి ఎర్రబడితే, సూదితో నీరు తీసి పరీక్షకు పంపారు. అందులో కుక్కల నోట్లో ఉండే బ్యాక్టీరియా కనబడిందట.

"మీ ఇంట్ల కుక్క ఉందా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"మాకు కుక్క లేదు సారు," అంది అత్తమ్మ.

నేనూ లేదనే తలూపాను. అబద్ధమని అనిపించలేదు. వాకిట్లో పడుకునేదాన్ని మేం తెచ్చి పెంచలేదు, పేరు కూడా పెట్టలేదు. పెనం మీది మొదటి జొన్నరొట్టె అత్తమ్మ రోజూ దానికే పెడుతుంది, అంతే.

డాక్టరు ఆమె మడమల పగుళ్లు చూశాడు. అప్పుడు అత్తమ్మ మెల్లగా చెప్పింది. "వాకిట్ల కుక్కొకటి జర నాకుతది సారు. కుక్క నాకితే పగుళ్లు మానుతయంటరు గద."

ఆయన నవ్వలేదు. ఆ పగుళ్ల గుండానే బ్యాక్టీరియా రక్తంలోకి పోయి మోకాలికి చేరి ఉంటుందన్నాడు. రేపు మోకాలు కోసి లోపల కడుగుతారట. అప్పటికీ తగ్గకపోతే పెట్టిన కీలునే తీసేస్తారట. ఆ తరువాత నడుస్తుందా అని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో తెలియదు.

వచ్చేటప్పుడు అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దాన్ని ఎల్లగొట్టకు బిడ్డా. దానికేం ఎరుక?"

కుక్కను ఊరి చివర పానగల్ దాటించి వదిలేసి రావాలని దారంతా అనుకున్నాను. ఇంటికొచ్చి రొట్టెలు చేసి, ఎవరో చెప్పినట్టు మొదటిది దానికే పెట్టాను. అది తినేసి నా అరచెయ్యి నాకింది.

చెయ్యి వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.