మూడో కుండీకి మెమో

గౌరవనీయులైన మావయ్యగారికి మేనకోడలు నమస్కరించి విన్నవించునది:

శిక్షణ ముగించుకుని వచ్చేదాకా నా నాలుగు చిక్కుడు కుండీలు, అంటే నా పరిశోధన యావత్తూ, మీ వరండాలో మీ అధీనంలో ఉంటాయి. ఆకు అడుగున కంటికానని రంధ్రాలుంటాయి. వెలుతురు తగిలితే తెరుచుకుంటాయి, చీకటి పడితే మూసుకుంటాయి. మధ్యాహ్నం వేళ ఆకు అడుగున గోళ్లరంగు పూసి, ఆరాక టేపుతో ఒలిచి పంపండి. రంధ్రాల అచ్చు దానిమీద పడుతుంది. నీళ్లు తప్ప మరేదీ పోయకూడదు.

విధేయురాలు.

తా.క. అత్తయ్యకు అప్పగించలేదు. ఆవిడ మొక్కలకైనా మందులు మింగిస్తుంది.

* * *

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి తెలియజేయునది:

నాలుగు కుండీలూ హాజరు. అచ్చులు జతపరిచాను. ఆకుల పనివేళలు తెలుపుతూ వరండాలో నోటీసు అంటించాను.

ఇట్లు, విశ్రాంత సూపరింటెండెంటు.

తా.క. గోళ్లరంగు సీసా మాయమైందని మీ అత్తయ్య పనిమనిషిని నిలదీస్తోంది. నేను తటస్థంగా ఉన్నాను.

* * *

మావయ్యగారికి నమస్కారాలు.

అద్భుతం జరిగింది! మూడు కుండీల రంధ్రాలు బార్లా తెరుచుకున్నాయి. మూడో కుండీవి మాత్రం మిట్టమధ్యాహ్నం మూసుకునే ఉన్నాయి. వెలుతురును ధిక్కరించే కొత్త రకం మొక్క దొరికిందని మా ప్రొఫెసరు గంతులేస్తున్నారు. శనివారం నిండు సభలో నేనే ప్రకటించాలి. పొరపాటైతే నా పరువు గంగలో కలిసినట్టే. దానికి నీళ్లు తప్ప ఇంకేమీ పోయలేదు కదా? ఒక ఆకు వెంటనే పంపండి.

మీ మేనకోడలు.

* * *

చిరంజీవికి ఆశీస్సులు.

ఆకు పంపాను. నీళ్లు తప్ప మరేదీ పోయలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. పట్టపగలు తలుపులు మూసుక్కూర్చోవడం నా సర్వీసులో ఒక్క క్యాషియరే చేశాడు. మూడో కుండీకి మెమో ఇచ్చాను, సంజాయిషీ రాలేదు. నా కుర్చీ పక్కనే ఉంటూ ఇంతకు తెగించడం విచారకరం. కొత్త రకానికి నా పేరు పెట్టినచో అభ్యంతరం లేదు.

ఇట్లు, మావయ్య.

తా.క. మోకాళ్లు సలుపుతున్నాయి. "రోజూ దగ్గరుండి మాత్ర ఇస్తున్నా నొప్పి తగ్గదేం? ఆ డాక్టరుకు చదువు రాదు, మార్చేద్దాం" అంటోంది మీ అత్తయ్య.

* * *

పూజ్యులైన మావయ్యగారి సముఖమునకు:

ఆకును పరీక్షించాం. నిండా కాల్షియం. నీళ్లకు కరువు లేని మొక్క ఎండలోనూ తలుపులు బిగించుకుందంటే కారణం అదే. ఎముకలకని అత్తయ్య మీ చేతిలో పెట్టే కాల్షియం మాత్ర గ్లాసులో కరిగి, మీ కుర్చీ పక్క కుండీలోకి చేరుతోందని విచారణలో తేలింది. "నీళ్లు" అన్నారే తప్ప అందులో ఏముందో సెలవివ్వలేదు. కొత్త మొక్క ప్రకటన మానుకున్నాను. వెలుతురు తెరవమన్నా కాల్షియం మూయిస్తుందని శనివారం చదువుతాను. పరువు దక్కింది.

మూడో కుండీ నిర్దోషి. దాని మెమో రద్దు చేసి, మీ పేరిట తిరిగి జారీ చేయడమైనది.

విధేయురాలు.

తా.క. నకలు: అత్తయ్యగారికి, తగు చర్య నిమిత్తం.