పాత డిస్కు చప్పుడు

బాబాయ్‌కి,

మీరు కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి డ్యూటీకి ఓడెక్కిన మర్నాటి నుంచి మన కంప్యూటరు టకటకమంటోంది. ఓడలో మీకు ఫోను అందదు గనుక వెంటనే ఈ మెయిలు రాస్తున్నాను.

"కొత్త కోడలొచ్చిందని పాత అత్త అలిగిందే!" అని అమ్మ నవ్వింది. "ముందు ఆ కార్డు పీకి పారెయ్," అన్నారు నాన్న. మూత విప్పి కార్డు తీసి చూశాను. చప్పుడు ఆగలేదు. ఒక్కొక్క భాగం మీద వేలు ఆనించి చూస్తే, పాత హార్డ్ డిస్కు దగ్గర ఆ దెబ్బ వేలికి తగిలింది. అమ్మ మాటే నిజమైంది.

అరచేతిలో పట్టే డబ్బా, బాబాయ్! అమ్మ నోటితో చెప్పిన కొలతలన్నీ, వాటితో నేను గీసిన బట్టల నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి. నన్ను చదివించిన కుట్టుపనంతా నా వేలి కింద కొట్టుకుంటుంటే వెంటనే పెన్‌డ్రైవు గుచ్చాను. కాపీ చేయబోతే, టక్కుమని ఆగి, ఊపిరి తీసుకున్నట్టు మళ్లీ తిరిగి, ఇంకో నమూనా అందించింది. చావబోతూ కూడా ఒక్క గీత తప్పలేదు!

సగం వచ్చాక భయమేసి కంప్యూటరు ఆపేశాను. మళ్లీ వేస్తే లేస్తుందా? మిగతా సగం నేనే తీయనా, ఎవరికైనా చూపించనా? డిస్కు పోతోందని అమ్మకి ఇంకా చెప్పలేదు. పన్నెండున బడి యూనిఫారాలు కత్తిరించాలి, వాటి నమూనాలు రాని సగంలో ఉన్నాయి. దయచేసి పదో తేదీలోగా జవాబివ్వండి.

మీ అమ్మాయి