మల్లేశన్న తెచ్చిన మన్ను

బుధవారం, రాత్రి

ఉప్పల్ అవతల మూసీ పక్కన పాలకూర పండించే మల్లేశన్న మట్టి పరీక్ష రిపోర్టు కోసం ఈరోజు నాచారంలోని మా ల్యాబ్‌కు వచ్చాడు. భాస్వరం విపరీతంగా ఉంది. ఈసారి భాస్వరం ఎరువు డీఏపీ వేయొద్దన్నాను. వేసినా మొక్కకు పనికిరాదని, వానకు కొట్టుకుపోయి కింది కుంటలో చేరుతుందని, కుంట నాచు పట్టి చేపలు చస్తున్నది అందుకేనని గట్టిగా చెప్పాను.

అతను తల వంచుకున్నాడు. "ఆ కుంటల చేపలు వట్టేది మా బామ్మర్దే మేడం. నా మందుతోనే సస్తున్నయా?"

అవునన్నాను.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "మన్ను మంచిగనే తెచ్చిన గదా? బస్తాలు వెట్టే కాడ తవ్విన, గాడ మెత్తగుంటది."

నాకు ఆ మాట బుర్రకెక్కేలోపే అతను వెళ్ళిపోయాడు. ఎరువు బస్తాల కింది మట్టిలో భాస్వరం కాక ఇంకేముంటుంది? ఎక్కడ తీశావని అడగకుండా పరీక్ష చేసింది నేనే. పొలంలో ఎంతుందో ఇప్పుడు నాకు తెలియదు. కుంట పాడైంది అతని ఎరువుతోనో, పైనుంచి వచ్చే మురుగునీటితోనో అదీ తెలియదు.

సాయంత్రం ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"తప్పు నాదే అని మా బామ్మర్దికి చెప్పి వచ్చిన మేడం. ఇప్పుడేమనాలె?"

రేపు నేనే వచ్చి పొలమంతా తిరిగి మట్టి తీస్తానన్నాను. అప్పటిదాకా ఎరువు వేయొద్దన్నాను. ఆ మాటైనా సరిగ్గా చెప్పానో లేదో…