పక్కన పరిచిన పరుపు

బుధవారం, రాత్రి

ఇవాళ శంకర్ నగర్ డాక్టరుగారిని మా శైలజే అడిగేసింది, తనలా మూర్ఛ ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారంటారు, నిజమేనా అని. ఇరవై ఏళ్ల పిల్ల.

ఆయన దాచలేదు. అరుదే గానీ జరుగుతుందన్నారు. మందులు మానకూడదట, రాత్రిళ్లు గదిలో ఎవరైనా తోడుంటే మంచిదట.

ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, పరీక్షలప్పుడు గోలీలు మధ్యమధ్యలో మానేశాను. నిద్దరొచ్చేస్తోందని. ఇంక మానను, పక్కా" అంది. తిడదామనుకున్నాను. ఆ చెయ్యే ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

మా ఆయన భన్‌పురికి నైట్ డ్యూటీకి వెళ్లాక, శైలజ తన గదిలోంచి పరుపు లాక్కొచ్చి నా మంచం పక్కన పరిచింది. ఆ గది కోసం ఎంత పోట్లాడిందో!

"భయమేస్తోందేటే?" అన్నాను.

"నాకేటి భయం? నీకే గదా. నేనక్కడ పడుకుంటే రాత్రంతా గుమ్మంలో నిలబడిపోతావు."

అలా అంటూనే నిద్రపోయింది. మెల్లగా గురక పెడుతోంది. ఒకే గదిలో పడుకునే రోజుల్లో విసుక్కునేదాన్ని ఆ గురకకి. ఇవాళ లైటు కూడా ఆర్పకుండా వింటూ కూర్చున్నాను.