మళ్ళీ వేడిచేసిన అన్నం

నాన్నా,

నీమీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు. తప్పంతా నాదేనని ఆ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టావు? ఇరవై రెండేళ్ళు నువ్వు వండిపెట్టిన హాస్టల్‌లో, మెస్ తలుపు మీద "వంటవాడి నిర్లక్ష్యం" అని నోటీసు అంటించారు. పూటపూటా దాన్ని చూస్తూనే తినడానికి వెళ్తున్నాను. నలభై మంది వాంతులు చేసుకున్న మాట నిజమే. అంతమాత్రాన నోరు మూసుకుని పెట్టె సర్దుకుని ఇంటికి పోతావా?

వీళ్ళ తెలివి చెప్తాను విను. తిండిని పాడుచేసే క్రిముల గురించి ఎవరికెంత తెలుసోనని మా కాలేజీ మేడం పోయిన నెల మా హాస్టల్‌లో రెండువందల మందికి ప్రశ్నల కాగితాలు పంచింది. లెక్క తేల్చే పని నా నెత్తిన పడింది. క్రిముల పేర్లడిగితే ఒక్కొక్కళ్ళూ సొంత మేనమామల పేర్లు చెప్పినట్టు గడగడా రాశారు. గంటలకొద్దీ బయట ఉన్న అన్నం మళ్ళీ వేడిచేస్తే సరిపోతుందా అంటే నూట ఎనభై తొమ్మిది మంది 'అవును' అని టిక్కు పెట్టారు. అన్నంలో పెరిగే క్రిమి ఒకటుంది, అది కక్కిన విషం వేడికి పోదట. మేడం మొన్న చెప్పింది.

ఆటల పోటీల రోజు పొద్దున మిగిలిన గుండిగెడు అన్నం పారబోస్తానని నువ్వన్నావట. వేడిచేసి సాయంత్రం పెట్టమని ఎవరో చెప్పారట. ఎవరని విచారణ కమిటీ ఎంత అడిగినా నువ్వు పెదవి విప్పలేదట. ఎవరి పేరు కడుపులో దాచుకున్నావు? చెప్పు. ఆ నోటీసు ముందు నిలబెట్టి కడిగేస్తాను.

నీ కూతురు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చదివి, కోపమంతా తన పోలికేనని మీ అమ్మ మురిసిపోయింది.

పేరు చెప్పకూడదనుకున్నాను. కానీ నువ్వు ఎవరో ఒకరి మీద పడి కరిచేలా ఉన్నావు. ఆ మధ్యాహ్నం నువ్వు స్నేహితురాళ్ళతో వంటింటి కిటికీ దగ్గరికొచ్చావు. నలుగురిలో పలకరించొద్దన్నావని మూడేళ్ళుగా నీ జోలికి రాలేదు. ఆ ఒక్కరోజే ఆగలేక, పొద్దుటి అన్నం పనికొస్తుందా అమ్మా అని అడిగాను. నావైపు చూడకుండానే, "బాగా వేడిచెయ్యండి మాస్టారూ, క్రిములు చస్తాయి" అన్నావు.

పారబొయ్యమని నా మనసు చెబుతూనే ఉంది. చదువుకున్న కూతురు చెప్పింది కదా అని వినలేదు. కాబట్టి తప్పు నాదే. నీ పేరు చెబితే నువ్వు నా కూతురివని కూడా బయటపడుతుంది. అది నీకిష్టం లేదు కదా.

వేళకు తిను.

నాన్న

నాన్నా,

కోపం తగ్గలేదు. ఎవరిమీదన్నదే మారింది. ప్రశ్నల కాగితాల కట్టలోంచి నాది వెతికి తీశాను. ఆ నూట ఎనభై తొమ్మిది మందిలో నేనూ ఉన్నాను. నీమీదా కొంచెం కోపం మిగిలే ఉంది. ఆ రోజు నా నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యాల్సింది.

పొద్దున కమిటీకి కాగితం ఇచ్చాను. వేడిచెయ్యమన్నది నేనేనని రాశాను. వంటాయన నా మాటెందుకు విన్నాడని వార్డెన్ అడిగాడు. వరండాలో సగం హాస్టల్ నిలబడి ఉంది.

"ఆయన మా నాన్న" అన్నాను.

ఇన్నాళ్ళూ అననందుకు సిగ్గేసింది. సోమవారం నిన్ను మళ్ళీ పిలుస్తారట. వచ్చెయ్. బస్సు దగ్గరికి నేనే వస్తాను. పెట్టె నేనే మోస్తాను, మెస్ తలుపు దాకా.

వంట మాస్టారి కూతురు