పెరంబూరులో నీ మిషను

నాయనా,

నువ్వు అమ్మేసిన ట్రెడిల్ అచ్చు మిషను దొరికింది. పాత ప్రెస్సులు వెతికి బాగుచేసుకునే కవిత అనే అమ్మాయి, పెరంబూరులో ఒక షెడ్డులో దాన్ని చూసి, తుప్పు గీకి, మళ్లీ తిరిగేలా చేసింది. దానిమీద చెక్కిన నీ పేరు పట్టుకుని మమ్మల్ని వెతికింది.

నిన్న అమ్మను తీసుకెళ్లాను.

"మొదట మీరే తొక్కండక్కా," అంది కవిత.

తొక్కాను. మన వాషర్‌మెన్‌పేట ఇంట్లో మధ్యాహ్నాలు వినిపించే ఆ చప్పుడే, వానలా మెల్లగా షెడ్డంతా నిండింది. నువ్వు పోయినప్పటినుంచి సరిగా నిద్రలేని అమ్మ, కుర్చీలో వెనక్కి వాలి, "మీ నాయన ఈడనే పనిచేస్తా ఉండాడు," అని గొణిగి కళ్లు మూసుకుంది. కాసేపటికి సన్నగా గురక పెట్టింది.

"పేపర్లు అయిపోయినాయక్కా, ఆపేద్దామా?" కవిత గొంతు తగ్గించి అడిగింది.

"ఇంకొంచెంసేపు ఉండనీ," అన్నాను.

అమ్మ లేచేదాకా ఖాళీ మిషనునే తొక్కుతూ ఉండిపోయాను.