ముందద్దానికి ఏం పెట్టారంటే

మాంగో, జంషెడ్‌పూర్
జూలై 9, 1984

శ్రీవారికి రమాదేవి నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం, వేళకింత తింటున్నాం. అక్కడ కొత్త ఫ్యాక్టరీ పనిలో, ఆ ఎర్ర దుమ్ములో మీ ఒళ్లు ఎలా ఉందోనని నా ఆలోచనంతా. విశాఖ నుంచి మీరు వేసిన ఉత్తరం మొన్న అందింది. మెస్సులో పులుసు బాగుంటోందని రాశారు, సంతోషం. వానలు పడుతున్నాయా అని అడిగారు. బాగా పడుతున్నాయి. సువర్ణరేఖ బురదరంగు తిరిగింది. పద్మ బడికి వెళ్తోందా అని అడిగారు. దాని సంగతి కింద రాస్తాను.

కారుకి ముందద్దం బిగించారా, అంచుల్లో నీళ్లు దిగకుండా ఏ సీలెంటు పెట్టారు అని ఒకే ఉత్తరంలో రెండుచోట్ల అడిగారు. నాకంటే ఏడాది పెద్దదైన మీ లాండ్‌మాస్టర్ గురించి ఆడదానికి ఏం తెలుస్తుందని మీ అన్నదమ్ములిద్దరికీ గట్టి నమ్మకం. అయినా మీరు వెళ్లేముందు కొత్త అద్దం, కొత్త రబ్బరు మీ అన్నయ్య గోవిందరావుగారికి అప్పజెప్పి, "ఎండిపోని నల్ల సీలెంటే పెట్టాల అన్నయ్యా, గట్టిపడిపోయేది వద్దు" అనడం తలుపు వెనక నుంచి విన్నాను. విన్నది నేనొక్కదాన్నే. మీ అన్నయ్యగారు ఫోర్‌మన్ అయిన దగ్గర్నుంచి వినడం మానేశారు కదా.

ఆయన గూడ్సు వేగన్లు బాగుచేసే మీ స్నేహితుడు పోలరాజుని వెంటబెట్టుకుని సాక్చిలో స్పేర్ పార్టులమ్మే సర్దార్జీ కొట్టుకి వెళ్లారు. ఆ ముచ్చటంతా పోలరాజే చెప్పాడు. సర్దార్జీ నల్లటి మెత్తటి ముద్ద తీసి చూపిస్తే, మీ అన్నయ్యగారు వేలితో నొక్కి కొట్టంతా వినబడేలా నవ్వారట.

"ఏటిది, జీడిపాకమా? మెత్తటిది అద్దాన్నేటి పట్టుకుంటాది?"

"సాబ్, గాడీ హిల్తీ హై. షీషే కో భీ థోడా హిల్నే దో," అన్నాడట సర్దార్జీ.

పోలరాజు కూడా నోరు విప్పాడు. "అవునన్నా, గుంతలో సక్రం దిగితే బాడీ మెలి తిరుగుతాది. అద్దం కూసింత ఆడాల."

"నీ గూడ్సు వేగన్లు కాదురా ఇవి," అని వాడి నోరు మూయించి, వట్టి చేతులతో తిరిగొచ్చారట. ఎవరో కంట్రాక్టరు దగ్గర రెండు డబ్బాల జిగురు దొరికింది. రెండూ కలిపి పూస్తే రాయిలా బిగుసుకుపోతుంది. ఊరికే వచ్చింది కాబట్టి అదే గొప్ప సరుకైపోయింది.

జూన్ ఆఖరి ఆదివారం అగ్రికోలో ఆయన క్వార్టరు ముందు ఆ సంబరం నేను కళ్లారా చూశాను. రబ్బరు నిండా, బాడీ అంచు నిండా, తన మీసం నిండా కూడా జిగురు పూసుకున్నారు. బిగించడం అయ్యాక అద్దం మీద మెటికతో కొట్టి, నాకేసి చూడకుండా గోడకి చెప్పినట్టు చెప్పారు. "ఏనుగొచ్చి తన్నినా కదల్దని సెప్పండి మరదలికి." పక్కింటివాళ్లు తలలూపారు. ఈ ఊళ్లో గట్టిగా మాట్లాడేవాడికి తల ఊపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇక పద్మ సంగతి. మీరు కూర్చుని చదవండి. దానికి ప్రాణభయం లేదు, కన్ను పోలేదు. ఆ రెండు మాటలూ ముందే రాసేస్తున్నాను.

ఆ తర్వాతి ఆదివారం, ఒకటో తారీకున, మమ్మల్ని మాంగోలో దిగబెడతానని ఆయనే కారు తీశారు. పద్మ ముందు కూర్చుంటానంది. నేను వెనక కూరల సంచితో కూర్చున్నాను. వంతెన దిగాక వాననీళ్లు నిండిన గుంతలో ముందు చక్రం పడింది. టప్పుమని పేలినట్టయింది. అద్దమంతా ఒక్కసారిగా పటికబెల్లం ముక్కల్లా విరిగి పిల్ల ఒళ్లో, జుట్టులో, మొహం మీద పడింది. పద్మ ఏడవలేదు. "మా, ఆంఖ్ మే కుఛ్ గయా," అంది, కంట్లో ఏదో పడిందని. రెప్ప మీంచి రక్తం కారుతోంది.

మీ అన్నయ్యగారు దిగారు. దిగి, వంగి, ముందు చక్రం వంకరపోయిందేమో చూసుకున్నారు.

నేను పిల్లని ఎత్తుకుని ఆటో ఆపుకుని ఆసుపత్రికి వెళ్లిపోయాను. కనుబొమ మీద నాలుగు కుట్లు వేశారు. డాక్టరు దీపం పెట్టి చూసి కంటికి దెబ్బ తగల్లేదన్నాడు. గోడ మీద అట్టలో అక్షరాలన్నీ పద్మ చదివింది. మచ్చ మాత్రం ఉండిపోతుందట.

అప్పుడొచ్చారు ఆయన. వరండాలో నిలబడి, నర్సుతో చెప్పినట్టు నాకు చెప్పారు. "పిల్లని సరిగ్గా కూకోబెట్టుకోవాల. అద్దమే డిఫెక్టు, తమ్ముడు సూసి కొన్లేదు. ఆడికిప్పుడేటీ రాయొద్దు, పనిలో మనసు పాడైపోద్ది."

పెళ్లయిన నాటి నుంచి ఆయన ఎదుట నిలబడి ఎరగను. ఆ రోజు నిలబడ్డాను. మీకు చెప్పుకోవాల్సింది ఇదే. మీ అన్నయ్యగారిని నలుగురిలో "నువ్వు" అన్నాను.

"నువ్వేటి మనిషివి? సక్రం సూసుకున్నావు గానీ పిల్ల మొహం సూశావా? తమ్ముడు ఒక్క మాట సెప్పి ఎల్లాడు. ఆ మాట ఇనుంటే నా పిల్లకి సూది దిగేదా? తాళం ఇలాగిచ్చీ!"

ఆయన తాళం తీసి బెంచీ మీద పెట్టారు. తల వంచుకుని మెట్లు దిగి నడిచి వెళ్లిపోయారు. అది చూసి నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే మీకు బాగుంటుంది గానీ, కలగలేదు.

మర్నాడు పోలరాజుని తీసుకుని సాక్చి వెళ్లాను. సర్దార్జీ పాత స్టాకులో అద్దం వెతికిచ్చాడు. నల్ల ముద్ద నేనే నొక్కి చూశాను. నొక్కినచోట వేలి గుర్తు పడి, అలాగే మెత్తగా ఉంది. ఇదే అన్నాను. ఆ రాతి జిగురుని ఉలితో చెక్కడానికి పోలరాజుకి రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత రబ్బరు గాడిలో పురికొస పెట్టి వాడు లోపల్నుంచి లాగుతుంటే, బయట అద్దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకున్నది నేనే. రబ్బరు పెదవి చుట్టూ తిరిగి చక్కగా కూర్చుంది. "వదినా, ఇంక నీళ్లు కొట్టండి," అన్నాడు. బిందెలు బిందెలు పోశాను. లోపల చుక్క పడలేదు.

మీ అన్నయ్యగారు నా మీద మీకు రాస్తున్నారని తోటికోడలు కబురు పంపింది. మరదలికి నోరు పెరిగిందని ఉంటుంది అందులో. అంతవరకూ నిజమే, నమ్మండి. మిగతాది నమ్మేముందు వచ్చి పిల్లని చూడండి. నేను మాత్రం ఆయన్ని మళ్లీ "మీరు" అనలేను. మీరు నన్ను కోప్పడినా సరే.

రేపు కుట్లు విప్పించాలి. పోలరాజు కారు తోలుతానన్నాడు. పద్మ ఆ కారెక్కనని పొద్దుట్నుంచి మొండికేసి, చివరికి వెనక సీటైతే వస్తానంది. ముందు సీట్లో నేను కూర్చుంటానని దానికి మాటిచ్చాను.

ఇట్లు,
మీ ఇల్లాలు, పద్మ తల్లి
రమాదేవి